దిగుడులో పోయిన నిమిషాలు

పదకొండు ఇరవైకి నేను షెడ్డులో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ కేసును మూట కట్టేశాడు. ముడి మాత్రం సాయంత్రం ఐదింటికి వేస్తానన్నాడు. అది నా మీద దయ కాదు. నిందితుణ్ణి మెజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లే వ్యాను అప్పటిదాకా ఖాళీ లేదు. అంటే నా చేతిలో ఉన్నది ఐదు గంటల నలభై నిమిషాలు. ఇలా ప్రైవేటుగా కేసులు ఆరా తీసే పనిలోకి రాకముందు నేను ఇరవై ఏళ్లు పాత యంత్రాల విడిభాగాలు కొని అమ్మాను. అంతకంటే తక్కువ సమయంలో, అంతకంటే పాడైన సరుకు ఎందుకు పాడైందో తేల్చిన రోజులున్నాయి.

పడినవాడు రోడ్డు సైకిల్ పందేల్లో ఛాంపియన్. పదిహేడు సీజన్లు ఆడినవాడు. జాతీయ పందెం నాలుగుసార్లు, ఏడు రోజుల పెద్ద పందెం మూడుసార్లు గెలిచాడు. ఏ కొండనైనా ఇన్ని నిమిషాల్లో ఎక్కుతానని చెప్పి, సరిగ్గా ఆ నిమిషానికి పైన ఉంటాడని తోటివాళ్లు అతనికి ‘గడియారం’ అని పేరు పెట్టారు. వయసు ముప్పై ఆరు. ఏడు రోజుల పందెంలో నిన్న ఆఖరి రోజు. మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై మూడు నిమిషాలకు, కొండ దిగుతుండగా, పదకొండో వంపులో అతని ముందు టైరు రిమ్ము నించి ఊడిపోయింది. వంపులో అడ్డంగా పేర్చిన గడ్డి మోపుల మీద పడ్డాడు కాబట్టి ఎడమ భుజం దగ్గర ఎముకా, రెండు పక్కటెముకలూ విరగడంతో సరిపోయింది.

ఆ టైరు మన ఇంట్లో సైకిలు టైరు లాంటిది కాదు. ట్యూబుతో కలిపి గొట్టంలా కుట్టేసి, రిమ్ముకి జిగురుతో అంటిస్తారు. ఊడిందంటే జిగురు పట్టలేదని అర్థం. జిగురు పూసే చెయ్యి ఒక్కటే, జట్టు మెకానిక్కుది. తొమ్మిదేళ్లుగా ఛాంపియన్ సైకిలును ఇంకొకరి చేత ముట్టనివ్వని మనిషి. ఛాంపియన్‌కి స్వయానా బావమరిది.

పొద్దున్న తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చింది ఛాంపియన్ భార్య. అంటే ఆ మెకానిక్కుకి అక్క. రాత్రి ఆసుపత్రి కుర్చీలో గడిపినట్టు ఆమె చీర మడతలే చెబుతున్నాయి. చంకలో లావుపాటి ఫైలు ఉంది. ప్రతి పందెం తర్వాత నిర్వాహకులు ఆటగాళ్లకు టైముల కాగితం ఒకటి ఇస్తారట. ఏ కొండ ఎంతసేపట్లో ఎక్కాడు, ఎంతసేపట్లో దిగాడు అని. మిగతావాళ్లు అది చూసి పారేస్తారు. ఈమె మాత్రం పెళ్లికి ముందు నించీ దాచింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లో బీరువాలో విలువైనది అదొక్కటే కనబడిందట.

“మా ఆయన బతికారు. అది చాలు నాకు,” అంది. “మా తమ్ముడు చేశాడా లేదా, అది తేల్చండి. చేశాడంటే వాడు నాకు లేడు. చెయ్యలేదంటే ఆ మాట మా ఆయనతో నేనే చెబుతాను. మధ్యలో మాత్రం ఉంచకండి. మధ్యలో నేను ఒక్క పూట కూడా బతకలేను.”

జట్టు తను దిగిన హోటల్ వెనక కార్లు కడిగే షెడ్డును వారం రోజులకు అద్దెకు తీసుకుంది. పందెం అయిపోయింది కాబట్టి అన్ని జట్లూ సర్దుకుంటున్నాయి. ఇక్కడ మాత్రం ఇన్‌స్పెక్టర్ దేన్నీ కదలనివ్వలేదు. గోడకు సైకిళ్లు, కొక్కేలకు చక్రాలు, నేల మీద బకెట్లు. మధ్యలో స్టాండు మీద ఛాంపియన్ సైకిలు. ముందు చక్రం బల్ల మీద, ఊడిన టైరు పక్కనే చచ్చిన పాములా పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ నాకు పాత పరిచయం. నేను ఇదివరకు రెండు కేసుల్లో అతని మూట విప్పాను. అందుకే నన్ను పేరు పెట్టి పిలవడు.

“రండి షావుకారుగారూ. తక్కెడ తెచ్చుకున్నారా?”

సాక్ష్యాలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. మొదటిది జిగురు. జట్టులో మిగతా ఏడుగురి చక్రాలకూ పసుపు రంగు జిగురు. ఛాంపియన్ ముందు చక్రానికి మాత్రమే ఎర్రటి జిగురు. రెండోది, మెకానిక్కు జేబులో దొరికిన చీటీ. పేరు లేదు, ఒట్టి ఫోను నెంబరు. పందేలు కాసేవాళ్లదై ఉంటుందని అతని అనుమానం. మూడోది, రెండు నెలల క్రితం ఇంకో పందెంలో, ప్రత్యర్థి జట్టు మేనేజరుతో మెకానిక్కు హోటల్ మెట్ల కింద చాటుగా మాట్లాడుతుంటే వంటవాడొకడు చూశాడు. అన్నిటికంటే పెద్దది నాలుగోది. రాత్రి అడిగిన మొదటి ప్రశ్నకే మెకానిక్కు తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి? వాడే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకేమిటి?” అన్నాడు.

ఆ చీటీలో నెంబరుకి ఫోను చేశావా అని అడిగాను. అలాంటివాళ్లు పోలీసు ఫోను ఎత్తుతారా అని ఎదురు ప్రశ్న వేశాడు. నెంబరు నా పుస్తకంలో రాసుకుని సైకిలు దగ్గరికి వెళ్లాను.

విడిభాగాల వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. అమ్మేవాడి మొహం చూడకూడదు, అరుగుదల చూడాలి. మొహం అబద్ధమాడుతుంది, అరుగుదల ఆడదు. ముందు బ్రేకు రబ్బర్లు చూశాను. మూడొంతుల్లో రెండొంతులు అరిగిపోయాయి. వెనక బ్రేకు రబ్బర్లు కొత్తవాటిలా ఉన్నాయి. గోడ మీద మెకానిక్కు చేతి రాతతో ఒక జాబితా వేలాడుతోంది. ఆఖరి రోజు, ఉదయం ఆరూ పది: ‘బావ – రబ్బర్లు నాలుగూ కొత్తవి’. పక్కన టిక్కు. అంటే ఒక్క పూటలో, ఒక్క దిగుడులో అంత అరిగాయి. అదే దిగుడు దిగిన మిగతా ఏడు సైకిళ్లూ ఒక్కొక్కటే చూశాను. వాటి రబ్బర్ల మీద గీతలు కూడా చెరగలేదు.

రిమ్ము అంచు గోధుమ రంగులోకి మాడింది. టైరుకి గాలి కొట్టే మూతి నిటారుగా ఉండాల్సింది, ఒక పక్కకి ఒరిగి ఉంది. టైరు హఠాత్తుగా ఊడలేదు. ముందు కొంచెం కొంచెంగా జరిగింది. జిగురు పట్టకపోవడం కాదు ఇది. పట్టిన జిగురు బ్రేకు రాపిడి వేడికి కరగడం.

స్టిక్కర్లు ఊడదీయడానికి వాడే వేడిగాలి గన్ను ఒకటి బల్ల కింద ఉంది. ఇన్‌స్పెక్టర్‌ని గడియారం పట్టుకోమన్నాను. తనకేం పని అన్నాడు గానీ పట్టుకున్నాడు. మొదట తోటి ఆటగాడి చక్రం, పసుపు జిగురుది. రిమ్ముకి వేడిగాలి పెట్టి బొటనవేలితో టైరును నెడుతూ నిలబడ్డాను. నాలుగో నిమిషానికి జరిగింది. తర్వాత ఛాంపియన్ కోసం సిద్ధంగా ఉంచిన రెండో ముందు చక్రం. దానికీ ఎర్ర జిగురే. అయిదు, ఆరు, ఏడు. నా వేలు నొప్పి పుట్టింది. ఎనిమిదిన్నర నిమిషాలకు కదిలింది.

“గన్ను వేడీ, రోడ్డు మీద వేడీ ఒకటి కావు. నాకూ తెలుసు. కానీ తేడా రెండింతలుంది,” అన్నాను. “కీడు చెయ్యాలనుకున్నవాడు బలహీనమైన జిగురు పూస్తాడు. ఇతను గట్టిది వెతికి మరీ తెచ్చాడు.”

ఇన్‌స్పెక్టర్ రూటు మ్యాపు తీశాడు. ఇది అతనిలో మంచి గుణం. ఓడిపోతున్నప్పుడు కూడా కాగితం చూడటం మానడు. శిఖరం దగ్గర నించి పసుపు జిగురు ఆగే నాలుగు నిమిషాల దూరాన్ని పెన్సిలుతో కొలిచాడు. నాలుగో వంపు. అక్కడ గడ్డి మోపులు లేవు, పిట్టగోడ లేదు. కింద లోయ. పెన్సిలు అక్కడే కాసేపు ఆగిపోయింది.

“సరే. జిగురు మాట వదిలేద్దాం,” అన్నాడు చివరికి. “మరి కొండ దిగుతూ బ్రేకు వదలని ఛాంపియన్ ఎవడండీ? ఇతను దిగడంలోనే పేరు పొందినవాడు. అంత బ్రేకు ఎందుకు వేశాడు?”

నా ప్రశ్న కూడా అదే.

ఛాంపియన్ భార్య ఇచ్చిన ఫైలు తెరిచాను. పదిహేడేళ్ల బతుకు కాగితాల్లో పడుకుని ఉంది. ఇదే కొండ మూడేళ్ల క్రితం పందెంలోనూ ఉంది. అప్పుడు ఎక్కడానికి ముప్పై ఒక్క నిమిషం. నిన్న ముప్పై ఒక్క నిమిషం నాలుగు సెకన్లు. కాళ్లలో ఏ నష్టమూ లేదు. దిగుడు చూస్తే, అప్పుడు పదకొండో వంపుకి ఎనిమిది నిమిషాల నలభై అయిదు సెకన్లకు చేరాడు. నిన్న ఒంటిగంటా ఇరవై రెండుకి శిఖరం దాటి, అదే వంపుకి ముప్పై మూడూ పదికి చేరాడు. పదకొండు నిమిషాల పది సెకన్లు. శిఖరం మీద యాభై సెకన్లు ముందున్నవాణ్ణి ముగ్గురు దాటేశారు.

వెనక్కి తిప్పాను. గత ఏడాది మేలో ఒక దిగుడులో ముప్పై సెకన్ల నష్టం. సెప్టెంబరులో నిమిషం పది. ఈ ఏడాది మొదట్లో నిమిషం యాభై. నిన్న రెండు నిమిషాల ఇరవై అయిదు. ఎక్కుతూ సంపాదించినదంతా దిగుతూ పారబోస్తున్నాడు, అదీ పోనుపోనూ పెంచుకుంటూ. ఈ నష్టం మొదలు కాకముందుకి, ఇంకా వెనక్కి తిప్పితే రెండేళ్ల క్రితం ఏప్రిల్ కాగితం తగిలింది. దాని మీద భార్య చేత్తో రాసింది: ‘పడ్డారు. కనుబొమ మీద ఏడు కుట్లు. మూడు వారాల విశ్రాంతి.’

మెకానిక్కుని హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో కానిస్టేబులు. నేనూ ఇన్‌స్పెక్టరూ లోపలికి వెళ్లేసరికి రెండూ నలభై. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. గోళ్ల కింద ఎర్ర జిగురు ఇంకా ఉంది. చేతులు ఊరికే ఉండలేక ఎదురుగా ఉన్న దుప్పట్లన్నీ మడత పెట్టేశాడు. హోటల్ వాళ్ల మడత కంటే ఇతని మడతే బాగుంది.

జిగురు ఎందుకు మార్చావని అడిగాను.

“తప్పు నాదేనండి.”

“అది జవాబు కాదు బాబూ, రసీదు. సరుకేదీ?”

రబ్బర్ల సంగతి చెప్పాను. వేడి సంగతి చెప్పాను. వింటున్నకొద్దీ అతని మొహంలో భయం పెరిగింది. నేను అతని నేరాన్ని ఒక్కో తులం తగ్గిస్తుంటే భయం పెరుగుతోంది. అలాంటి బేరం నేనెప్పుడూ చూడలేదు. ఈ మనిషి తనను కాపాడుకోవడం లేదని అప్పుడు అర్థమైంది.

ఫోను తీసి, చీటీలోని నెంబరు నొక్కి, ముగ్గురికీ వినిపించేలా బల్ల మీద పెట్టాను. మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అవతల ఒకావిడ ఎత్తి, కంటి ఆసుపత్రి అంది. మెకానిక్కు పేరు చెప్పి, అతని తరఫున మాట్లాడుతున్నానన్నాను. వచ్చే బుధవారం పదిన్నరకు టైము ఇచ్చామనీ, రోగి వయసు ముప్పై ఆరని రాశారనీ, ఇంతకుముందు రెండుసార్లు టైము తీసుకుని రాలేదనీ, ఈసారైనా తప్పక రమ్మనీ గుక్క తిప్పుకోకుండా చెప్పి పెట్టేసింది.

ఇన్‌స్పెక్టర్ మెకానిక్కు భుజం మీద నించి చెయ్యి తీశాడు.

“ఏ కన్ను?” అన్నాను.

“ఎడమది,” అన్నాడు మెకానిక్కు. కూర్చున్నాడు. “బావ నాతో చెప్పలేదండి. నాకే తెలిసింది. రబ్బర్లు మార్చేవాడికి తెలీదా? ముందు అప్పుడప్పుడు అరిగేవి. తర్వాత ప్రతి దిగుడుకీ. ఒక కన్నుతో దూరం అంచనా దొరకదు కదా, అందుకని బ్రేకు వదలడు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. వేడికి తట్టుకునే జిగురు తెప్పించాను. అదీ చాల్లేదు.”

మెట్ల కింద మేనేజరుతో మాటలేమిటని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఆ మేనేజరు ఇదివరకు కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడని విని, మెకానిక్కు ఆయన్ని మంచి డాక్టరు నెంబరు అడిగాడట. చూపించుకోవాల్సింది తన కన్నే అని చెప్పాడట.

“నిజం చెప్పి ఉంటే రాత్రే ఇంటికి పోయేవాడివి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నేను చెబితే బావ లైసెన్సు పోతుందండి. ఒంటికన్నుతో గుంపులో ఎవరు తొక్కనిస్తారు? నేను నాలుగు నెలలు లోపలున్నా బయటికొచ్చాక స్పానర్ పట్టుకోగలను. ఆయనకి మిగిలింది ఇంకొక్క సీజన్. అక్కకి మాత్రం…” అని ఆపేసి, మడత పెట్టిన దుప్పటిని మళ్లీ విప్పి మడత పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ నన్ను వరండాలోకి లాక్కొచ్చాడు. కథ బాగుందనీ, కానీ ఒప్పుకోలు కాగితం మీద ఉందనీ, కథ గాలిలో ఉందనీ అన్నాడు. పైవాళ్లకు తను కాగితమే చూపించాలి. కన్ను సంగతి ఛాంపియన్ తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇస్తే మెకానిక్కుని వదిలేస్తాడు. లేకపోతే ఐదింటికి వ్యాను.

“రాయకపోతే?” అన్నాను.

“మీరే చెప్పండి. పదిహేడేళ్ల పేరు ఒక పక్క, బావమరిది ఒక పక్క. ఎటు మొగ్గుతుందో తూచేది మీరే కదా.”

మూడూ నలభైకి ఆసుపత్రి చేరాను. వరండాలో అక్క లేచి ఎదురొచ్చింది. మిగతాది ఆగొచ్చు గానీ ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఆగకూడదనిపించింది.

“చేశాడా లేదా తేల్చమన్నారు. చెయ్యలేదమ్మా. మామూలు జిగురైతే మీ ఆయన నాలుగో వంపులో లోయలో పడేవారు. మీ తమ్ముడు పూసిన జిగురు గడ్డి మోపుల దాకా తీసుకొచ్చింది.”

ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. మరి ఎందుకు ఒప్పుకున్నాడని అడిగింది. అది మీ ఆయన చెప్పాలన్నాను.

గదిలో ఛాంపియన్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. సైకిలు లోపం గురించి విచారణ జరుగుతోందని మాత్రమే అతనికి చెప్పారు. నేనెవరో చెప్పి, దాహంగా ఉంది, నీళ్లిస్తారా అన్నాను. కుడి చేతివైపు బల్ల మీద జగ్గూ గ్లాసూ ఉన్నాయి. జగ్గు ఎత్తాడు. దాని మూతిని గ్లాసు అంచుకి ఆనించాడు. అది తగిలిందని తెలిశాకే ఒంచాడు. రెండు కళ్లున్నవాడు నీళ్లు అలా పొయ్యడు.

నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను.

“ఎడమ కన్ను ఎప్పటి నించి కనబడటం లేదు?”

అతని మొహం కొండ ఎక్కేటప్పుడు ఫొటోల్లో ఉండే మొహంలా అయిపోయింది. ఏమీ లేని మొహం. అంతా బాగానే ఉందనీ, జనవరిలోనే లైసెన్సు కోసం కంటి పరీక్ష పాసయ్యాననీ అన్నాడు. ఎలా పాసయ్యావని అడిగాను. అప్పుడు అసలు సంగతి చెప్పాను. అతని బావమరిది నిన్న రాత్రి నించి పోలీసుల దగ్గరున్నాడని, చేయని నేరం ఒప్పుకున్నాడని, ఐదింటికి వ్యాను వస్తుందని.

“ఒప్పుకున్నాడా? వాడికి ఎలా తెలుసు?”

“మీ రబ్బర్లు చెప్పాయి. ఏడాదిగా తెలుసు.”

ఛాంపియన్ వెంటనే కాగితం అడిగాడు. నేను తక్కెడ పట్టుకుని వచ్చాను గానీ తూచే పని పడలేదు. ముల్లు ఒక్క క్షణం కూడా ఊగలేదు.

రాస్తూనే మాట్లాడాడు. రెండేళ్ల క్రితం ఏప్రిల్లో పడ్డప్పుడు పక్కవాడి హ్యాండిలు కొస కంటికి కొట్టుకుంది. కుట్లు మానాయి, చూపు బాగానే ఉందన్నారు. కొన్ని నెలలకు మంచు కమ్మినట్టు మొదలైంది. ఇప్పుడు ఆ కన్నుకి వెలుతురు తప్ప ఇంకేం తెలియదు. లైసెన్సు డాక్టరు గదిలో అక్షరాల పట్టిక పదేళ్లుగా అదే. కుడి కన్నుతో చదివింది గుర్తుపెట్టుకుని, ఎడమ కన్నుకి అప్పజెప్పేశాడు. ఏ కంటి డాక్టరుకీ చూపించుకోలేదు. చూపిస్తే రాస్తాడు, రాస్తే బయటికి వస్తుంది, వస్తే అంతా పోతుంది. ఎలాగూ పోయిన కన్నే కదా అనుకున్నాడు.

“పోయిందని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు.”

ధర అడగకుండానే నష్టం రాసేసుకున్న మనుషుల్ని నేను చాలామందిని చూశాను. అందరూ తెలివైనవాళ్లే. నాలుగూ ఇరవై అయిదుకి సంతకం అయింది. కాగితం ఫొటో తీసి ఇన్‌స్పెక్టర్‌కి ఫోనులో పంపి, కింది అంతస్తులో ఉన్న కంటి డాక్టరమ్మను ఒక్కసారి పైకి రమ్మని బతిమాలాను. ఆమె చిన్న లైటు తెచ్చి పావుగంట చూసింది. ఒక్కో ప్రశ్నకీ అతను చెప్పే జవాబు కంటే, చెప్పకుండా దాచిన రెండేళ్లకే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

దెబ్బ వల్ల వచ్చిన శుక్లమట అది. కంటి లోపలి కటకం తెల్లబారింది. ఇంకా కొన్ని పరీక్షలు కావాలి, మాట ఇవ్వలేదు గానీ, వెనక పొర బాగానే ఉన్నట్టుంది, ఎముకలు అతుక్కున్నాక ఆపరేషన్ చేస్తే చూపు చాలావరకు రావచ్చంది. ఎంతసేపు పడుతుందని ఛాంపియన్ అడిగాడు. గంటలోపే అంది. అతను లెక్కవేసుకుంటున్నట్టు కనబడ్డాడు. గంటలోపు పని కోసం రెండేళ్లు.

భార్య మంచం అంచున కూర్చుంది. తిట్టాలో ఏడవాలో తేల్చుకోలేక అతని దుప్పటి సర్దింది. “నాకు ఒక్క మాట చెబితే ఏం పోయేది?” అని మాత్రం అంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండేళ్లుగా మోస్తున్నది కింద పెట్టిన మనిషి చెయ్యి అది.

నాలుగూ యాభై అయిదుకి ఇన్‌స్పెక్టర్ మెకానిక్కుని తనే వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక ఇంకొకాయన. ప్రత్యర్థి జట్టు మేనేజరు. మెట్ల కింద మాటల మీద వాంగ్మూలం కోసం పిలిస్తే, తనూ చూసి వెళ్తానని వచ్చాడట. మెకానిక్కు గుమ్మంలోనే నిలబడిపోయాడు. అక్క లేచి వెళ్లి అతని చెవి పట్టుకుంది.

“ఇంకోసారి నీది కాని తప్పు ఒప్పుకున్నావంటే నేనే పట్టిస్తాను పోలీసులకి.”

“సరేనక్కా.”

బావా బావమరిదీ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ పెద్దగా ఏం అనలేదు. ముందు జిగురు ఎక్కడిదని ఛాంపియన్ అడిగాడు. మెకానిక్కు చెప్పాడు. బాగా పట్టిందన్నాడు ఛాంపియన్. అంతే.

నా పని అయిపోయిందనుకుని లేస్తుంటే ఇన్‌స్పెక్టర్ ఆగమన్నాడు. అతని మొహంలో ఓడినవాడి ఉక్రోషం లేదు. కొత్తగా ఏదో దొరికినవాడి వెలుగుంది. నిన్నటి దిగుడును వెనక మోటారు సైకిలు మీద నించి తీసిన వీడియో ఉందట. పొద్దుట నించి నాలుగుసార్లు చూశాడట.

“ముగ్గురు దాటారు కదా. వంపులు ఎటున్నా సరే, ముగ్గురూ కుడివైపు నించే దాటారు. రెండుచోట్ల ఎడమ దగ్గర దారి, కుడి చుట్టుదారి. గెలవాలనుకున్నవాడు చుట్టుదారిలో ఎందుకు పోతాడు?” అని మేనేజరు వైపు తిరిగాడు. “మీకు ముందే తెలుసు.”

మేనేజరు చేతిలో టోపీని రెండుసార్లు తిప్పాడు. ఈ కుర్రాడు తన కన్నుకే డాక్టరు కావాలన్నప్పుడు నమ్మలేదట. సొంత కన్ను కోసం ఎవడూ అంత కంగారు పడడు. ఆ వారమంతా ఛాంపియన్‌ని గమనించాడు, అర్థమైంది. తన ఆటగాళ్లకు చెప్పాడు: ఆయన ఎడమ పక్కన రెండు చేతుల దూరం వదలండి, ఎడమ నించి ఎవరూ దాటొద్దు. ఎందుకని మిగతా జట్లవాళ్లు అడిగారు. ఆ తర్వాత మూడో పందెం నాటికి ఆటగాళ్లు నూట పదిమందికీ తెలుసు. ఒక్కడు కూడా బయట నోరు విప్పలేదు.

ఛాంపియన్ మొహంలో ఇందాకటి తేలిక మొత్తం పోయింది. గుంపులో అందర్నీ తను మోసం చేస్తున్నానని రెండేళ్లు అనుకున్నాడు. వాళ్లంతా తనను కాస్తున్నారని ఇప్పుడు తెలిసింది. కన్ను పోయిందన్నప్పుడు కూడా అతను అంత భయపడి ఉండడు.

“పోయిన నెల ఒకటి గెలిచాను,” అన్నాడు మెల్లగా. “కొండ మీద ముగిసే పందెం. అదీ మీరు ఇచ్చిందేనా?”

మేనేజరు టోపీ పెట్టుకున్నాడు.

“దారి ఇచ్చాం. గెలుపు ఇవ్వలేదు. ఆ రోజు నిన్ను పట్టుకుందామని మావాళ్లు ఏడుగురూ చచ్చేట్టు తొక్కారు. ముగ్గురు పైకొచ్చి వాంతులు చేసుకున్నారు. నమ్మకం లేకపోతే నువ్వే అడుగు, కింద వ్యానులోనే ఉన్నారు. ఇప్పటికీ నీ పేరు చెబితే తిడతారు.”